నోరు విప్పకుండానే ఎన్‌-4

జేఎఫ్‌టీ-బేసిక్ అనే జపనీస్ పరీక్షలో నాలుగు భాగాలుంటాయి. అక్షరాలు, పదాలు ఒకటి, సంభాషణ, వ్యక్తీకరణ రెండోది, వినడం మూడోది, చదవడం నాలుగోది. కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చోవాలి. యాభై దాకా ప్రశ్నలు. 250కి 200 వస్తే గట్టెక్కినట్టే. పేరులోనే సంభాషణ ఉన్న ఆ రెండో భాగంలో కూడా అభ్యర్థి పెదవి కదపనక్కర్లేదు. తెరమీద ఇద్దరు మాట్లాడుకుంటుంటారు, నడుమ ఒక ఖాళీ ఉంటుంది, అందులో ఏ మాట ఇముడుతుందో చూసి నొక్కాలి. ఇందులో పాసైనవాళ్లు రోజువారీ మాటలు కొంతమేరకు మాట్లాడగలరనీ, జపాన్‌లో ఇబ్బంది లేకుండా బతకగలరనీ ఆ పరీక్ష పెట్టే జపాన్ ఫౌండేషన్ చెబుతుంది.

ఈ లెక్క ఎంతవరకు నిలుస్తుందన్నది ఒకప్పుడు జపనీస్ టీచర్ల సభల్లో నలిగే చర్చ. ఇప్పుడది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లోని నర్సింగ్ చదివిన పిల్లల ఇళ్లకు చేరింది.

ఈ మూడు ఊళ్లకు వలస కొత్త కాదు. సిరిసిల్ల నేతన్నలు భీవండికీ, సూరత్‌కూ పోయారు. జగిత్యాల, కోరుట్ల పల్లెలు రెండు మూడు తరాలుగా దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టాయి. కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా, మెడికల్ అయిందా, ఏజెంటుకు ఎంత కట్టాలి అన్నవే ఆ బాటలో ఎదురయ్యే ప్రశ్నలు. నీకు అరబ్బీ వచ్చా అని అడిగినవాళ్లు లేరు. హిందీ, అరబ్బీ ముక్కలు లేబర్ క్యాంపులో, సైటు మీద వాటంతటవే పట్టుబడేవి. జపాన్ బాటలో ఈ వరుస తలకిందులైంది. ముందు భాష, తర్వాతే విమానం.

2019 ఏప్రిల్‌లో జపాన్ ‘నిర్దిష్ట నైపుణ్యం’ పేరుతో కొత్త వీసా తెచ్చింది. ముసలివాళ్ల సంరక్షణ, వ్యవసాయం, హోటళ్లు, నిర్మాణం లాంటి రంగాల్లో పనివాళ్లు దొరక్క తెరిచిన తలుపు అది. 2021 జనవరిలో భారత్‌తో ఆ మేరకు ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టులో ఇద్దరు ప్రధానులు టోక్యోలో కలిసినప్పుడు ఐదేళ్లలో ఐదు లక్షల మంది రాకపోకలనీ, అందులో భారత్ నుంచి జపాన్ వెళ్లే నైపుణ్యం గలవాళ్లు 50 వేల మందనీ లక్ష్యం చెప్పుకున్నారు. తెలంగాణలో ఈ పని చూసేది టామ్‌కామ్, అంటే ప్రభుత్వమే నడిపే విదేశీ ఉద్యోగాల సంస్థ. హైదరాబాద్‌లో ఉంచి జపనీస్ నేర్పించి పంపుతుంది. సిరిసిల్లలో, జగిత్యాలలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలు వచ్చాక టామ్‌కామ్ ప్రకటనలు చదివేవాళ్లు అక్కడ పెరిగితే ఆశ్చర్యం లేదు.

వీసాకు కావలసిన భాషార్హత రెండు దారుల్లో దొరుకుతుంది. ఒకటి పైన చెప్పిన జేఎఫ్‌టీ-బేసిక్. రెండోది జేఎల్‌పీటీ అనే ఇంకో జపనీస్ పరీక్షలో నాలుగో మెట్టు, అందరూ ఎన్‌-4 అనేది. జేఎల్‌పీటీ పాతకాపు. 1984లో ఏడు వేల మందితో మొదలైంది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఏటా పది లక్షల మందికి పైగా రాస్తున్నారు. 2010లో పరీక్షను తిరగరాసి, నాలుగు మెట్లను ఐదు చేసి, భాషను వాడగలిగే శక్తిని కొలుస్తామని ప్రకటించారు. కొలిచే పద్ధతి మాత్రం అదే: పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం, అన్నీ బిట్లే. పదో తరగతి బిట్ పేపరు రాసిన ఎవరికైనా ఆ సంగతి అర్థమవుతుంది. ఎన్‌-5 నుంచి ఎన్‌-1 దాకా ఏ మెట్టులోనూ ఒక్క వాక్యం రాయనక్కర్లేదు, ఒక్క మాట పలకనక్కర్లేదు. ఎన్‌-1 పాసైన మనిషి తన పేరును కతకానా లిపిలో రాయలేకపోయినా మార్కుల జాబితాకు ఆ విషయం తెలియదు.

ఇంకో చిత్రం కూడా ఉంది. ఎన్‌-4లో మొత్తం 180కి 90 వస్తే పాస్. విడివిడిగా చూస్తే భాషాజ్ఞానం, చదవడం కలిపి 120కి 38, వినడంలో 60కి 19 వస్తే చాలు. అంటే చదువులో 71 తెచ్చుకున్న పిల్లకు వినడంలో 19 వచ్చినా సర్టిఫికెట్ చేతికొస్తుంది. మాట్లాడటం సంగతి సరే, చెవి కూడా మూడో వంతే పనిచేసినట్టు లెక్క. 2025 డిసెంబర్ పరీక్ష నుంచి మార్కుల జాబితా మీద యూరప్ కొలమానం ప్రకారం ఏ1, ఏ2 లాంటి స్థాయి కూడా చూపిస్తున్నారు. ఆ స్థాయి పరీక్షలో కొలిచిన నైపుణ్యాలకే వర్తిస్తుంది, మాట్లాడటానికీ రాయడానికీ కాదు. కంపెనీలో ఆ కాగితం చూసేవాళ్లు ఇంత లోతుకు పోతారా అన్నది వేరే సంగతి.

ఇంతకీ కొలువు ఏం అడుగుతుంది? తెలంగాణ నుంచి వెళ్లే ఆడపిల్లల్లో చాలామంది చేరేది ముసలివాళ్ల సంరక్షణలో, అక్కడివాళ్లు ‘కైగో’ అనే పనిలో. బీఎస్సీ నర్సింగ్ చదివినా ఈ వీసా మీద అక్కడ నర్సు కాలేరు. దానికి ఎన్‌-1తో పాటు జపాన్ నర్సుల జాతీయ పరీక్ష దాటాలి. కైగోకు భాషార్హత కాక మరో రెండు పరీక్షలున్నాయి. నైపుణ్య పరీక్ష 45 ప్రశ్నలు, గంటసేపు. సంరక్షణ జపనీస్ పరీక్ష 15 ప్రశ్నలు, అరగంట. అవీ కంప్యూటర్ మీద బిట్లే.

పనిలో దిగాక బిట్లుండవు. మంచం మీదున్న మనిషిని ముట్టుకునే ముందు, ‘ఇప్పుడు లేపుతాను’, ‘చక్రాల కుర్చీలోకి మారుద్దాం’ అని మెల్లగా చెప్పాలి. చెప్పకుండా చెయ్యి వేస్తే తప్పు. దీన్ని వాళ్లు ‘కోఎకాకె’ అంటారు. శిక్షణలో మొదట నేర్పే వాటిలో అదొకటి. షిఫ్టు మారేటప్పుడు ‘మోషిఒకురి’ ఉంటుంది: ఎవరు అన్నం ఎంత తిన్నారు, ఎవరికి రాత్రి నిద్ర పట్టలేదు, ఎవరు తూలి పడబోయారు అన్నది తర్వాత వచ్చేవాళ్లకు నిలబడి నోటితో అప్పజెప్పాలి. ఆపైన రికార్డు. పదింట ఎన్ని వంతులు తిన్నారు, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు, ఒంట్లో ఏ మార్పు కనిపించింది అన్నీ రాతలో పెట్టాలి. కొన్నిచోట్ల కాగితం మీద, కొన్నిచోట్ల టాబ్లెట్‌లో. ఇందులో తప్పు దొర్లితే పోయేవి మార్కులు కావు. మింగుడు పడని మనిషికి గట్టి అన్నం పెట్టినట్టవుతుంది.

మరి మాట్లాడించి చూసే పరీక్ష ఎందుకు పెట్టరు? జపాన్‌వాళ్లకు తోచక కాదు. పది లక్షల మందిని పావుగంట చొప్పున మాట్లాడించాలంటే రెండున్నర లక్షల గంటల పని. ఒక్కరు మార్కులేస్తే పక్షపాతమంటారు కాబట్టి ఇద్దరుండాలి, అప్పుడది ఐదు లక్షల గంటలు. ఒకే రోజు డజన్ల దేశాల్లో జరిగే పరీక్షకు అంతమంది శిక్షణ పొందిన పరీక్షకులు దొరకరు. దొరికినా ఫీజు బాగా పెరుగుతుంది, అది కట్టేది మళ్లీ కోరుట్ల పిల్లే. బిట్ పేపరు చవక, వేగం, ఎవరు దిద్దినా అదే మార్కు. ఈ వాదనను కొట్టిపారేయలేం. కాకపోతే కొలవడానికి తేలికైనదాన్నే కొలుస్తూ పోతే, నేర్పేవాళ్లు కూడా దాన్నే నేర్పుతారు. ఎన్‌-4కు రోజులు లెక్కబెట్టుకునే తరగతిలో మాటల సాధనకు దొరికేది మిగిలిన సమయమే. అది సాధారణంగా మిగలదు.

ఖర్చు ఒక్కటే కారణమనుకుంటే పక్క భాషల లెక్క కుదరదు. అదే నర్సింగ్ కళాశాల నుంచి జర్మనీ వైపు చూసే పిల్ల గోయ్‌థె సంస్థ వారి బీ1 పరీక్షకు కూర్చుంటే చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడిగా దాటాలి, ఒక్కోదానిలో వందకు అరవై చొప్పున. మాట్లాడే పరీక్షలో ఎదురుగా ఇంకో అభ్యర్థి ఉంటాడు, ఇద్దరూ కలిసి ఒక పనికి పథకం వేసుకోవాలి. ఇంగ్లండ్ వైపు చూసేవాళ్లకు ఓఈటీ ఉంది: నర్సుగా రోగితో మాట్లాడినట్టు రెండు సన్నివేశాలు, ఒక్కోటి ఐదు నిమిషాలు, రోగి చరిత్ర చూసి వేరే వైద్యుడికో నర్సుకో రాసే ఉత్తరం 45 నిమిషాలు. ఐఈఎల్‌టీఎస్ అయితే 11 నుంచి 14 నిమిషాల ముఖాముఖి. ఇవన్నీ ఖరీదైనవే. కానీ ఆసుపత్రి మంచం దగ్గర నిలబడే మనిషికి నోరు పరీక్షించకుండా అనుమతి ఇవ్వకూడదని ఆ దేశాలు తేల్చుకున్నాయి. సంరక్షణ పనికి జపాన్ అంత పట్టుబట్టలేదు, దానికి మనుషుల కరువు ఒక కారణం కావచ్చు.

జపనీస్‌లోనూ రాత, మాట కొలిచే పరీక్షలు లేకపోలేదు. విశ్వవిద్యాలయాల్లో చేరే విదేశీ విద్యార్థులకు 2002 నుంచి ఈజేయూ నడుస్తోంది. అందులో అరగంట వ్యాసరచన ఉంది. ఇచ్చిన రెండు అంశాల్లో ఒకటి ఎంచుకుని, గళ్ల కాగితం మీద 400 నుంచి 500 అక్షరాల్లో రాయాలి. 50 మార్కులు. అభిప్రాయం స్పష్టంగా ఉందా, దానికి ఆధారం చూపారా, కూర్పు ఎలా ఉంది, భాష ఎంత సరిగ్గా ఉంది అన్నవి చూస్తారు. అంశం నుంచి పక్కకు పోయినా, ప్రశ్నపత్రంలోని మాటలనే తిరిగి దించినా సున్నా. మన పిల్లలకు ఈ చివరి షరతు ముందే చెప్పాలి. ప్రశ్నను జవాబులోకి దించి పేజీ నింపడంలో మనకు మంచి సాధన ఉంది.

మాటకు సంబంధించి ఎక్కువ పేరున్నది అమెరికాలో పుట్టిన ఓపీఐ. అరగంట లోపు ముఖాముఖి. జపనీస్‌లో దాన్ని పాదుకొల్పినవారిలో ప్రిన్స్‌టన్‌లో పాఠం చెప్పిన సెయిఇచి మాకినో ముఖ్యుడు. పరీక్షకుడు తేలికైన కుశల ప్రశ్నలతో మొదలుపెట్టి, అభ్యర్థి ఎక్కడ నిలదొక్కుకున్నాడో చూసి, అక్కడి నుంచి ఒక మెట్టు పైకి లాగుతాడు. మాట తడబడి కూలే చోటు దొరికేదాకా లాగి, మళ్లీ తేలిక మాటలతో దించుతాడు. బట్టీ పట్టిన స్వపరిచయం మొదటి రెండు నిమిషాలకే ఖర్చయిపోతుంది. ఫోన్‌లో పది ప్రశ్నలకు జవాబులు రికార్డు చేసి పది స్థాయిల్లో నిర్ణయించే జేఎస్‌ఎస్‌టీ జపాన్‌లో ఉంది. త్సుకుబా విశ్వవిద్యాలయంలో కంప్యూటరే మాట విని స్థాయి చెప్పే ఎస్‌జే-క్యాట్ తయారైంది. అమెరికా హైస్కూలు పిల్లల కోసం 2007లో మొదలైన ఏపీ జపనీస్ పరీక్ష ఇంకో దారి తొక్కింది: తెరమీద చాట్ చేసినట్టు ప్రశ్నకు తొంభై సెకన్లలో జవాబు టైప్ చేయడం, రికార్డు అయిన మనిషి మాటకు ఇరవై సెకన్లలో బదులు చెప్పడం.

టైపింగ్ అనగానే ఒక తగువు లేస్తుంది. కీబోర్డు మీద రోమన్ అక్షరాలు కొడితే చైనీస్ నుంచి వచ్చిన కంజి అక్షరం తనంతట తాను వరుసలో నిలబడుతుంది, సరైనదాన్ని ఏరుకుంటే చాలు. చేత్తో రాయలేనివాళ్లు కూడా రాసినట్టే కనిపిస్తారు. ఇది మోసమా, కాలంతో పాటు నడవడమా? సంరక్షణ పని విషయంలో రెండో మాటే న్యాయమనిపిస్తుంది. అక్కడి రికార్డులు టాబ్లెట్‌లోకి మారుతున్నప్పుడు రెండు వేల పైచిలుకు కంజి గీతలను చేతికి ఎక్కించమనడం పిల్లల కాలాన్ని తినడమే. అయితే చీటీ మీద హడావిడిగా రాసుకునే హిరగానా, కతకానా రెండూ చేతికి రావాలి. ఆ మేరకైనా పరీక్షించే పరీక్ష వీసా దారిలో లేదు.

తెలుగువాళ్ల సంగతికొస్తే, మాట్లాడే పరీక్ష వస్తే భయపడాల్సినవాళ్లలో వీళ్లు చివరివాళ్లు. క్రియ వాక్యం చివర రావడం, విభక్తి పేరు వెనక చేరడం, తిని, లేచి, వెళ్లి అంటూ పనులను గొలుసుగా అల్లడం, ఎవరో అన్నమాటకు ‘అని’ తగిలించడం, చివర ‘కదా’ అని ఒప్పించుకోవడం — ఈ అమరిక అంతా జపనీస్‌లో దాదాపు ఇలాగే ఉంటుంది. శబ్దాల్లో మరీ సుఖం. ‘ఒబసన్’ అంటే పిన్ని వయసావిడ, ‘ఒబాసన్’ అంటే అవ్వ. ‘కొకొ’ అంటే ఇక్కడ, ‘కోకో’ అంటే హైస్కూలు. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఏళ్ల తరబడి తడబడే ఈ హ్రస్వ దీర్ఘాలూ ద్విత్వాలూ తెలుగు చెవికి పుట్టుకతో వచ్చినవి. ఎ, ఏల తేడా, ఒ, ఓల తేడా హిందీకి లేదు, మనకుంది. ‘చాలు’ అనే మాటలో మొదటి అక్షరాన్ని దంత్యంగా పలికే నాలుకకు ‘త్సు’ కష్టం కాదు. ఇంత సొమ్ము చేతిలో ఉండగా చాలా తరగతులు రోమన్ అక్షరాలతో పాఠం మొదలుపెడతాయి. దీర్ఘం గుర్తు ఎగిరిపోతుంది, ఇంగ్లిష్‌వాడి తప్పు తెలుగు పిల్ల నోట్లోకి వచ్చి కూర్చుంటుంది.

కష్టాలు వేరేచోట ఉన్నాయి. జగిత్యాల పల్లెలో అమ్మమ్మను నువ్వు అనడమే ప్రేమ. అక్కడ ముసలామెను ఇంటిపేరుకు ‘సాన్’ చేర్చి పిలవాలి, మర్యాదను క్రియలోనే మార్చి చూపాలి. వయసు మళ్లినవాళ్లు పుస్తకంలోని జపనీస్ మాట్లాడరు, తమ ప్రాంతపు యాసలో మాట్లాడతారు. కరీంనగర్ మాట గుంటూరులో వినబడినట్టుంటుంది వ్యవహారం. స్వరం ఎత్తడం దించడం తెలుగు మాటలో అర్థాన్ని మార్చదు కాబట్టి అదీ సాధించాల్సిందే.

ఇలాంటివి దిద్దేవాళ్లకు తెలియాలంటే ఎవరో ఒకరు మన తప్పులను పోగేసి ఉండాలి. జపనీస్ నేర్చుకునేవాళ్ల మాటల నిధుల్లో 1990లలో తయారైన కేవై కార్పస్ పేరున్నది. అందులో 90 మంది ఓపీఐ సంభాషణలున్నాయి. చైనీస్, కొరియన్, ఇంగ్లిష్ మాతృభాషలు గలవాళ్లవి ముప్పై చొప్పున. తర్వాత జపాన్ జాతీయ భాషా సంస్థ చాలా పెద్దది కట్టింది. ఐ-జాస్ అనే ఆ నిధిలో వెయ్యి మంది, 12 మాతృభాషలు. తుర్కీ ఉంది, హంగేరియన్ ఉంది, వియత్నామీస్ ఉంది, థాయ్ ఉంది. భారతీయ భాష ఒక్కటీ లేదు. రేపు యంత్రమే మాట విని మార్కులేసే రోజు వస్తే, ఆ యంత్రానికి నేర్పిన గొంతుల్లో మన గొంతు లేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) లాంటి చోట ఒక పరిశోధక బృందం తలపెట్టదగిన పని ఇది. డబ్బు కన్నా ఓపిక ఎక్కువ అడుగుతుంది.

అధికారిక పరీక్ష అడగని మాటను ఇప్పుడు అడుగుతున్నది కంపెనీ ఇంటర్వ్యూ. జపాన్ నుంచి ఆసుపత్రో, వృద్ధాశ్రమమో వీడియోలో చూస్తుంది. ‘జికో షోకాయ్’ అనే స్వపరిచయం అందరికీ నోటికి వస్తుంది: పేరు, ఊరు, ఇంట్లో ఎందరు, జపాన్ ఎందుకు ఇష్టం. రెండో ప్రశ్నకే గుట్టు బయటపడుతుంది. ఈ ఇంటర్వ్యూకు కొలమానం లేదు, ఓడినవాళ్లకు ఎందుకు ఓడారో చెప్పేవాళ్లు లేరు, ఒక కంపెనీ మార్కు ఇంకో కంపెనీకి పనికిరాదు. పరీక్ష తప్పించుకున్న ఖర్చు ఇలా అభ్యర్థి నెత్తిన పడుతుంది, ఎన్‌-4 చేతిలో ఉండి కూడా ఇంట్లో కూర్చునే నెలల రూపంలో.

శిక్షణ తరగతి మటుకు ఎవరికోసమూ ఆగనక్కర్లేదు. జపాన్ ఫౌండేషన్ స్థాయిలవారీగా పాత్ర కార్డులతో ఒక రోల్‌ప్లే పరీక్ష తయారు చేసి టీచర్లు వాడుకొనేలా ఉంచింది. 2020లో వచ్చిన ‘ఇరొదొరి’ పాఠ్యపుస్తకం ఉచితం. అందులో ప్రతి పాఠమూ ఏదో ఒక పని చేయగలగడం చుట్టూ అల్లినది. వాటికి కైగో పనులు జోడిస్తే చాలు. మోషిఒకురి రెండు నిమిషాలు, రికార్డు నాలుగు వాక్యాలు, పడిపోయిన మనిషి గురించి ఫోన్‌లో చెప్పడం ఒకటి. మార్కులు వేసేటప్పుడు ఉచ్చారణకు ఇన్ని, వ్యాకరణానికి ఇన్ని అని తుంచడానికి ముందు, వినేవాళ్లకు విషయం అందిందా లేదా అన్నది మొదటి గడిలో పెట్టాలి. ఆ గడిలో సున్నా పడితే తప్పుల్లేని వ్యాకరణం ఉన్నా లాభం లేదు. పాఠం చెప్పిన టీచరు కాక వేరే తరగతి టీచరు రికార్డింగ్ విని విడిగా మార్కు వేయాలి, రెండింటి మధ్య తేడా ఎక్కువొస్తే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈ చివరి సంగతి ఎందుకంటే, మనకు నోటి పరీక్షల చరిత్ర అంత గొప్పది కాదు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24లో మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌కు ప్రాక్టికల్స్ తెచ్చింది, రాతకు 80, ప్రాక్టికల్స్‌కు 20. ఆలోచన మంచిదే. కానీ సైన్స్ ప్రాక్టికల్స్‌లో ముప్పైకి ముప్పై వేయించుకోవడం ఎలాగో ప్రతి కాలేజీకీ తెలిసిన రాష్ట్రంలో, సొంత పిల్లలకు సొంత టీచర్లు వేసే నోటి మార్కును బయటివాళ్లు నమ్మాలంటే రికార్డింగ్ దగ్గరుండాలి.

జపాన్ వైపు కూడా కదలిక ఉంది. 2021లో అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ వెలువరించిన జపనీస్ బోధన ప్రమాణం భాషను ఐదు పనులుగా విడదీసింది: వినడం, చదవడం, ఎదుటివారితో మాట్లాడటం, పదిమంది ముందు చెప్పడం, రాయడం. విదేశీ పనివాళ్ల కోసం 2024లో చట్టమైన కొత్త పథకం పాత సాంకేతిక శిక్షణార్థుల పద్ధతి స్థానంలో 2027 ఏప్రిల్ నుంచి రాబోతోంది. పనిలో చేరేముందు ఏ1 స్థాయి, నిర్దిష్ట నైపుణ్య వీసాకు మారేటప్పుడు ఏ2 స్థాయి చూపాలని అది అడుగుతుంది. మొదటి మెట్టుకు పరీక్ష పాసవ్వాలి, లేదా దానికి సరిపడే కోర్సుకు హాజరవ్వాలి. పరీక్ష అంటే ఎన్‌-5 లాంటివే లెక్కకొస్తాయి. ఐదు పనుల్లో మూడు ఇప్పటికీ ప్రమాణ పత్రంలోనే ఉన్నాయి, ప్రశ్నపత్రంలోకి దిగలేదు.